తాళం దొంగ కోసం కాదు

(మండల రైతు మహాసభలో మన సంఘం నాయకుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు ఎజెండాలో గిట్టుబాటు ధర ఉంది, కౌలు కార్డులున్నాయి, పంటల బీమా ఉంది. వాటి మధ్యలో నా వంతుకు ‘తుపాకి పెట్టె, దాని తాళం’ అని రాసుంటే చూసి కొందరు నవ్వారు. నవ్వండి, పర్వాలేదు. పూర్తిగా విన్నాక ఇది కూడా రైతు సమస్యేనా కాదా మీరే చెప్పండి.

మనవి నల్లమల అంచు ఊళ్ళు. వేరుశనగ చేనులో పందుల మంద పడితే తెల్లారేసరికి దున్నిన దుక్కి లాగా ఉంటుంది. అందుకే మనలో కొందరి ఇళ్ళల్లో లైసెన్సు తుపాకులున్నాయి. తాతల నుంచి వచ్చినవి కొన్ని, తర్వాత తెచ్చుకున్నవి కొన్ని. నాటు తుపాకుల సంగతి నేను మాట్లాడటం లేదు. అది నేరం, దాని జోలికి పోవద్దు. చట్టప్రకారం ఉన్నవాటి గురించే చెబుతున్నా.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. 1959 ఆయుధాల చట్టంలోనే పంట కాపలాకు లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఉంది. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండుకు మించి ఆయుధాలు ఉండకూడదు, లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది. 2016 నియమాలు వచ్చాక, లైసెన్సుకు అర్జీ పెట్టేవాళ్ళు ఆయుధాన్ని ఇంట్లో భద్రంగా దాచుకుంటామని హామీ పత్రం రాసివ్వాలి. ఇంకో మాట. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. దానికి అటవీ శాఖ అనుమతి వేరే తీసుకోవాలి.

సరే, హామీ రాసిచ్చాం. మరి ఎక్కడ దాస్తున్నాం? నడవలో మేకుకు తగిలిస్తాం. అటక మీద బియ్యం మూటల వెనక పెడతాం. కొంచెం జాగ్రత్త గలవాళ్ళయితే బీరువాలో చీరల వెనక పెట్టి తాళం వేస్తారు. ఆ తాళంచెవి ఎక్కడుంటుంది? దేవుడి పటం వెనక, లేకపోతే పోపుల డబ్బాలో. ఆ చోటు తెలియని మనిషి ఇంట్లో ఉండడు. పిల్లలకైతే మనకన్నా ముందే తెలుసు.

పెట్టె కొనేవాళ్ళంతా దొంగను తలుచుకుని కొంటారు. దొంగ ఏ పదేళ్ళకో ఒకసారి వస్తాడు. పిల్లలు రోజూ ఇంట్లోనే తిరుగుతుంటారు. అప్పుల్లో, అవమానంలో, కోపంలో ఉన్న మనిషీ ఇంట్లోనే ఉంటాడు. ఆ మనిషి మనమే కావచ్చు. తాళం ముఖ్యంగా ఇంట్లోవాళ్ళ కోసం. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే ఏ పెట్టె, ఏ తాళం అన్నది దానంతటదే తేలిపోతుంది.

ముందు పెట్టె. మామూలు బీరువా రేకు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. గడ్డపలుగు పెడితే మడత పడుతుంది. తుపాకి పెట్టెకు మూడు మిల్లీమీటర్ల రేకు కావాలి. మన సింగిల్ బారెల్ తుపాకి నాలుగడుగుల లోపే ఉంటుంది కాబట్టి లోపల నాలుగున్నర అడుగుల ఎత్తు సరిపోతుంది. వేల రూపాయలు పోసి కంపెనీ పెట్టె కొనలేకపోతే వెల్డింగ్ షాపులో చేయించుకోండి. కానీ మేస్త్రీకి రెండు మాటలు గట్టిగా చెప్పండి. బందులు లోపలి వైపు ఉండాలి. బయటుంటే కోసేస్తారు. వీపున నాలుగు చిల్లులు పెట్టాలి. ఆ చిల్లుల్లోంచి గోడకు యాంకర్ బోల్టులు బిగించాలి. గోడకు బిగించని పెట్టెను ఇద్దరు మనుషులు ఎత్తుకుపోయి చేలో పెట్టి తీరిగ్గా పగలగొడతారు. మట్టిగోడ ఇల్లయితే నేలలో కాంక్రీటు పోసి అందులో బిగించండి.

తూటాలకు వేరే పెట్టె, వేరే తాళం. తుపాకిలో తూటా ఉంచి దాయడం అన్నది ఎప్పటికీ వద్దు. వానాకాలం తుప్పు పట్టకుండా నూనె రాసి పెట్టండి. గుడ్డసంచిలో చుట్టి పెట్టకండి, అది తేమ పట్టి ఉంచుతుంది.

ఇక తాళం. బజారులో నాలుగు రకాలు దొరుకుతున్నాయి.

మొదటిది వేలిముద్ర తాళం. ఇప్పుడు అందరికీ దీని మీదే మోజు. అన్నా, రేషను షాపులో వేలిముద్ర పడక ఎన్నిసార్లు వెనక్కి వచ్చావు? పార పట్టి, పత్తి తీసి, మిరపకాయ కోసి అరిగిపోయిన వేళ్ళు మనవి. రేషను బియ్యానికే పడని ముద్ర ఈ పెట్టెకు పడుతుందా? దీనికి ఇంకో ప్రమాదం కూడా ఉంది. 2023 అక్టోబరులో అమెరికాలో సుమారు 61 వేల వేలిముద్ర పెట్టెలను కంపెనీతో వెనక్కి తెప్పించారు. కొన్నవాళ్ళు తమ వేలిముద్ర ఎక్కిందనే అనుకున్నారు. నిజానికి ఎక్కలేదు. ఎవరు వేలు పెట్టినా పెట్టె తెరుచుకుంది. ఒక పన్నెండేళ్ళ పిల్లవాడి ప్రాణం పోయిందని కోర్టులో దావా పడింది. ఇప్పటికే కొన్నవాళ్ళుంటే ఇంటికి పోగానే మీ పక్కింటాయన వేలు పెట్టించి చూడండి.

రెండోది బ్యాటరీ మీద నడిచే అంకెల తాళం. బాగానే పనిచేస్తుంది. అయితే కంపెనీ నుంచి వచ్చినప్పుడు అన్నిటికీ ఒకే నంబరు ఉంటుంది. చాలామంది దాన్నే ఉంచేస్తారు. మార్చినవాళ్ళు పెళ్ళిరోజో, సర్వే నంబరో, ఫోను చివరి నాలుగు అంకెలో పెడతారు. పాసుపుస్తకం చూసినవాడెవడైనా తెరుస్తాడు. బ్యాటరీ అయిపోతే తెరవడానికి దాంతోపాటు ఒక తాళంచెవి ఇస్తారు. ఆ చెవిని పక్కనే మేకుకు తగిలించే మహానుభావులున్నారు. ఇక ఆ అంకెలు ఎందుకు?

మూడోది చక్రం తిప్పే నంబరు తాళం, పాత బ్యాంకు పెట్టెలకు ఉండేలాంటిది. బ్యాటరీ అక్కర్లేదు, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. ధర ఎక్కువ, తెరవడం నెమ్మది.

నాలుగోది మామూలు తాళంచెవి. తలుపులోనే అమర్చిన ఆరు లివర్ల, ఎనిమిది లివర్ల తాళం. మన పల్లెటూరి ఇంటికి నేను చెప్పేది ఇదే. బయట వేలాడే తాళంకప్ప మాత్రం వద్దు, సుత్తి దెబ్బకు ఊడొస్తుంది.

‘అర్ధరాత్రి పందులొస్తే వెతుక్కుంటూ కూర్చోవాలా, వేలు పెట్టగానే తెరుచుకోవాలి కదా’ అని ఒక తమ్ముడు అడిగాడు. పంట కాపలా తుపాకికి క్షణాల తొందర లేదు తమ్ముడూ. పొలానికి పోవడానికే పావుగంట పడుతుంది. పెట్టె తెరవడానికి రెండు నిమిషాలు పడితే పోయేదేమీ లేదు. ఆ రెండు నిమిషాలే ఒక్కోసారి ప్రాణం నిలబెడతాయి.

అందుకే మా ఇంటి పెట్టెకు ఒకే తలుపు, రెండు తాళాలు. ఒక చెవి లైసెన్సుదారుడినైన నా దగ్గర. రెండోది మా ఇంటావిడ దగ్గర. ఇద్దరం కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. నేను ఒక్కడినీ తీయలేను, ఆమె ఒక్కతీ తీయలేదు. ఈ ఏర్పాటు నా తెలివి కాదు. పిల్లలు చిన్నప్పుడు మా అమ్మ పట్టుబట్టి చేయించింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే... ఈ సంగతి సభలో ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ చెబుతున్నా. ఒక సంవత్సరం నాలుగెకరాల మిరప తెగులుకు పోయింది. రెండెకరాలు సొంతం, రెండెకరాలు కౌలు. వడ్డీ ఇచ్చినాయన మా వాకిట్లో మంచం వేసుకుని కూర్చున్నాడు. ఊరంతా చూసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి మా ఇంటావిడను రెండో తాళంచెవి అడిగాను. పందులొచ్చాయని చెప్పాను. ఆమె నా ముఖం చూసింది. ‘చెవి ఇంట్లో లేదు. నిన్ననే మా అన్న దగ్గర పెట్టొచ్చాను. తెల్లారాక మాట్లాడుకుందాం, కూర్చో’ అంది. కూర్చున్నాం. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. కోడి కూసే వేళకు ఆమె టీ పెట్టింది. పొద్దున్నే మా బావమరిది వచ్చాడు, తర్వాత సంఘం వాళ్ళు వచ్చారు. అప్పు తీరడానికి మూడేళ్ళు పట్టింది. కానీ ఆ రాత్రి గడవడానికి కావలసింది ఆ ఒక్క తాళమే.

అక్కడ కూర్చున్న అక్కా, ఏడవకు. నేను బాగానే ఉన్నాను. నీ ముందే ఉన్నాను.

ఆ గడియ దాటిపోతుంది. ఇది నా ఒక్కడి అనుభవం కాదు. ఇజ్రాయెల్ సైన్యంలో కుర్రాళ్ళు సెలవులకు ఇంటికి పోతూ తుపాకులు వెంట తీసుకుపోయేవాళ్ళు. 2006లో వాటిని క్యాంపులోనే వదిలి వెళ్ళాలని పద్ధతి మార్చారు. సైనికుల ఆత్మహత్యలు సుమారు 40 శాతం తగ్గాయి. వాళ్ళ కష్టాలేవీ మారలేదు, తుపాకి అందుబాటులో లేదు, అంతే. అమెరికాలో 2005లో వచ్చిన ఒక అధ్యయనం కూడా ఇదే చెప్పింది. తుపాకికి తాళం, తూటా తీసి ఉంచడం, తూటాలకు తాళం, రెండూ వేరువేరు చోట్ల. ఈ నాలుగూ పాటించే ఇళ్ళల్లో పిల్లలకు ప్రమాదం తక్కువ.

ఇంట్లో మనిషి మనసు బాగాలేదని తెలిస్తే తాళాన్ని కూడా నమ్మకండి. ఎన్నికలప్పుడు పోలీసు స్టేషనులో తుపాకి అప్పజెప్పి రసీదు తెచ్చుకుంటున్నాం కదా. కష్టకాలంలో కూడా అంతే. లైసెన్సు ఉన్న ఆయుధ డీలరు దగ్గర భద్రపరిచే వీలుంది. రసీదు తీసుకుని పెట్టేసి రండి. అందులో చిన్నతనం లేదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. తుపాకి మన ఊళ్ళో పదిళ్ళల్లో ఒక ఇంట్లో కూడా ఉండదు. పురుగుమందు ప్రతి ఇంట్లో ఉంది. మంచం కింద, గొడ్ల చావిట్లో, వంటింటి గూట్లో. కూల్‌డ్రింకు సీసాల్లో పోసి పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ పని ఇవాళే మానేయండి. తుపాకికి చెప్పిన పెట్టె, రెండు తాళాలు మందులకూ చేయించండి. ఇంట్లో కాకుండా చేలో, మోటారు షెడ్డులో పెట్టుకోండి. తమిళనాడులో కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర పల్లెల్లో ఊరందరి మందులూ ఒకే గదిలో, ఎవరి అర వారిదిగా తాళం వేసి పెట్టే పద్ధతి పెట్టి చూశారు. మన ఊళ్ళో కూడా సంఘం తరఫున అలాంటి గది కట్టుకోవచ్చు.

కానీ పెట్టె ఒక్కటే చాలదు. శ్రీలంకలో 180 పల్లెల్లో, 53 వేలకు పైగా ఇళ్ళను తీసుకుని, సగం ఊళ్ళకు తాళం పెట్టెలు పంచి చూశారు. 2017లో ఫలితం వచ్చింది. పెట్టెలిచ్చిన ఊళ్ళకూ ఇవ్వని ఊళ్ళకూ పెద్ద తేడా కనబడలేదు. పెట్టె పంచి చేతులు దులుపుకుంటే ఇంతే. చెవి ఎవరి దగ్గరుందో చూసేవాళ్ళు కావాలి. అదే శ్రీలంకలో 1995 నుంచి అతి ప్రమాదకరమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. మన దేశంలో 2018లో 18 మందుల నిషేధానికి ఉత్తర్వులిచ్చారు. ఇంకా చాలా మిగిలున్నాయి. ఇంటి తాళం మనం వేసుకుంటాం. ఆ మందుల అమ్మకానికి తాళం వేయాల్సింది ప్రభుత్వం. వడ్డీ వ్యాపారి మంచం మన వాకిట్లో పడకుండా చూడాల్సిందీ ప్రభుత్వమే. కౌలు రైతుకు బ్యాంకు అప్పు, పంటకు ధర ఇవ్వకుండా పెట్టెలు మాత్రం పంచుతామంటే ఒప్పుకోం.

సభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాను. ఒకటి, మన సభ్యుల్లో తుపాకి ఉన్న ప్రతి ఇంట్లో ఈ ఉగాదిలోపు గోడకు బిగించిన పెట్టె, రెండు తాళాలు ఉండాలి. రెండు, ఊరికొక మందుల గదికి పంచాయతీని స్థలం అడగాలి. మూడు, పంట పోయిన ఇంటికి వారం తిరిగేలోపు సంఘం నుంచి ఇద్దరు పోవాలి. అప్పు లెక్క అడగడానికి కాదు, పక్కన కూర్చోవడానికి.

మనసు బరువెక్కినప్పుడు 14416 నంబరుకు ఫోను చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. లేదా నాకు చేయండి. అర్ధరాత్రయినా చేయండి. ఇద్దరం కలిసి తెల్లారేదాకా కూర్చుందాం.

తీర్మానాలకు ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి. సెలవు.