చిలగడ దుంప - పాడి పశువు

(రావికమతం ప్రాంత పాల సంఘాల సభ్యులతో ముచ్చటించిన ప్రసంగ పాఠం)



ఈ ప్రాంతంలో మనం పశువుకు ఎక్కువగా వేసేది వరిగడ్డి, చెరకు ఆకు. వీటితో కడుపు నిండుతుంది గాని పాలచెంబు నిండదు. అందుకే చిలగడ దుంప గురించి నాలుగు మాటలు మనవి చేస్తున్నాం. రాయలసీమ వారు దీనినే గెనుసుగడ్డ అంటారు.

దుంప మనం తింటాం, తీగను గట్టున పారేస్తాం. కాని పాడికి పనికివచ్చేది తీగే. నీరు తీసివేసి లెక్క కడితే వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతం మాత్రమే. చిలగడ తీగలో 15 శాతం దాకా ఉంటాయి. తీగలో నీరు ఎక్కువ కాబట్టి కొంచెం వాడనిచ్చి, ఎండుగడ్డితో కలిపి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. పురుగుమందు చల్లిన తీగను వెంటనే వేయరాదు.

దుంపలో ఉండేది పిండి పదార్థం. ఒంటికి సత్తువ ఇస్తుంది గాని మాంసకృత్తులు తక్కువ. కాబట్టి దుంప వేస్తున్నామని తెలగపిండి మానరాదు. దుంపను కడిగి, సన్నని ముక్కలు చేసి వేయాలి. నిండు దుంప వేస్తే గొంతుకు అడ్డుపడుతుంది. ఒకేసారి ఎక్కువ వేస్తే కడుపు పులిసి పశువు మేత మానేస్తుంది.

ఇక అసలు సంగతి. శివరాత్రికి దుంప బాగా అమ్ముతుంది. తరువాత మిగిలినది, బూజు పట్టినది, పురుగు తొలిచినది పశువు గాడిలోకి చేరుతుంది. ఇది ప్రమాదం. బూజు, ముక్కు పురుగు తగిలిన దుంపలో ఒక చేదు విషం పుడుతుంది. అది పశువు ఊపిరితిత్తులను దెబ్బ తీస్తుంది. పశువు మెడ చాచి రొప్పుతుంది, నోట నురుగు వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో చనిపోవచ్చు. ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. విరుగుడు మందు కూడా లేదు. రొప్పు కనిపించగానే పశువును నడిపించక, నీడన ఉంచి, పశువుల డాక్టరుకు కబురు చేయాలి. 1962 నెంబరుకు ఫోను చేయవచ్చు. చెడిన దుంపను పశువుకు అందకుండా లోతుగా పూడ్చాలి.

పొలంలోనే జాగ్రత్తపడితే మరీ మంచిది. నేల నెర్రెల గుండా ముక్కు పురుగు దుంపను చేరుతుంది. కనుక మట్టి ఎగదోసి దుంపను కప్పాలి. ముదిరిన దుంపను ఆలస్యం చేయక తవ్వాలి. తిరువనంతపురంలో 1963లో నెలకొల్పిన కేంద్ర దుంప పంటల పరిశోధనా సంస్థ కూడా ఈ పంటపై పనిచేస్తున్నది.

కర్రపెండలం మాట వేరు. దాని పచ్చి ఆకులో, తొక్కలో సైనైడు విషం ఉంటుంది. పచ్చిది వేయరాదు. చేమ, కంద ఆకులు దురద పెడతాయి, అవీ వద్దు.

నాలుగు రూపాయల దుంప వృథా అవుతుందని చూసుకుంటే ఇంటిని పోషించే పాడి పోతుంది. గాడిలో మేత వేసేది ఎక్కువగా ఇంటి ఆడవారే. ఈ మాట వారికి తప్పక చేరవేయండి. రేపు ఉదయం పాలు పోసే చోట, ఈ రోజు రాని సభ్యులకు కూడా చెప్పవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.