వెనక ఇరుసు ఎగురుతుంటే

లోడుతో పాత పికప్ బురద గట్టు ఎక్కుతుంటే వెనక చక్రాలు దడదడ ఎగురుతాయి. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇరుసు మెలితిరిగి కమాన్ కట్టలను వంచుతుంది. టైరు పట్టు జారగానే కట్ట వెనక్కి తన్నుతుంది. మళ్లీ పట్టు, మళ్లీ తన్ను. అలాగే తొక్కితే క్రాస్ జాయింటో, క్రౌన్ పినియనో పోతుంది, టమాటా గట్టు మీదే మగ్గుతుంది. వెంటనే కాలు తీసేయండి.

షెడ్డులో కొత్త కట్టలు కొనమంటారు. తొందరపడొద్దు. యూ బోల్టులు వదులయ్యాయా, షాకిల్ బుష్‌లు అరిగాయా, పట్టీ విరిగిందా, షాక్ అబ్జార్బర్ నూనె కారుతోందా, ముందు అవి చూపించండి. కొత్త యూ బోల్టులు వేస్తే నాలుగు రోజులు బరువు మోశాక మళ్లీ బిగించాలి. చాలామంది మరిచేది ఇదే. ఎత్తు కోసం ఇరుసుకూ కట్టకూ మధ్య దిమ్మలు పెట్టించినవాళ్లు తీయించేయండి, వాటితో ఎగురుడు పెరుగుతుంది.