మగ్గముమీద నున్న నవల

నవల వ్రాయబూనిన వారికి ఎప్పుడో యొకప్పుడు ఒక చిక్కు ఎదురగును. చేతిలోని రచన సగమైనను కాకమునుపే మరియొక కథ మనస్సున మెరయును. పాతదానిని ప్రక్కన బెట్టి కొత్తదానిని చేపట్టవలెనా? కొత్తదానికి తలుపు మూసి పాతదానినే సాగింపవలెనా? ఈ చిక్కు మాకును తటస్థించినది. అది యెట్లు తీరినదో శ్రోతలకు విన్నవింప దలచితిమి.

మా నవల నడచుచోటు రాజోలి. అది జోగులాంబ గద్వాల జిల్లాలో తుంగభద్ర యొడ్డున నున్న యూరు. పాత కోట కలదు. సుంకేసుల ఆనకట్ట చేరువనే కలదు. వీటన్నింటికంటె ఆ యూరికి పేరు తెచ్చినవి మగ్గములు. గద్వాల చీరలని లోకము కొనియాడు చీరలు గద్వాలలోనే కాక రాజోలివంటి యూళ్లలోను నేయబడుచున్నవి. చీర నడిమి భాగము నూలు, అంచులును కొంగును పట్టు. ఈ రెండును కలియుచోట అతుకు కానరాకుండ నేయుటలోనే నేతగాని ప్రతిభ యంతయు నున్నది.

నిజాము పాలనలోని చివరి దినములలో అట్టి చీరలు నేసిన యొక యింటి కథను మేము చెప్పబూనితిమి. పదునొకండు ప్రకరణములు సాగినవి. పండ్రెండవదానియొద్ద కలము నిలిచిపోయినది. ఆ యింటి పెద్దకొడుకు మగ్గము విడిచి షోలాపురపు మిల్లులకు పోవలెను. ఏల పోవునో మాకు తెలియలేదు. కరవువలన పోయెనని వ్రాసి కొట్టివేసితిమి. అప్పులవలన పోయెనని వ్రాసితిమి. అదియు నిలువలేదు. ఇట్లు నాలుగు నెలలు గడచినవి.

అట్టి సమయమున కొత్త కథ వచ్చినది. 2009 అక్టోబరు మొదటి దినములలో కృష్ణా తుంగభద్రలు పొంగి కర్నూలు నగరమును ముంచివైచిన సంగతి శ్రోతలలో పెక్కురకు జ్ఞాపకముండును. ఆలంపురమును, రాజోలియు ఆ వరదలోనే మునిగినవి. గుంటమగ్గమును చూచినవారికి తెలియును, నేతగాడు నేలలో త్రవ్విన గుంటలోనికి కాళ్లు దించుకొని కూర్చుండి నేయును. ఇంటిలోనికి వచ్చిన నీరు ముందుగా నిండునది ఆ గుంటలోనే. ఒక్క రాత్రి, ఒక్క యిల్లు, నీరు నిండుచున్న ఒక్క గుంట. నవల యంతయు ఒక్క చూపులో కన్నులకు కట్టినది. మొదటి వాక్యము కూడ దొరకినది! ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెల్లవారునప్పటికి పాత వ్రాతప్రతి మొగము చూచుటకే విసుగు పుట్టినది.

తప్పు చేయదలచిన వానికి పెద్దల దృష్టాంతములు వెంటనే జ్ఞప్తికి వచ్చును. మాకు టాల్‌స్టాయి జ్ఞప్తికి వచ్చెను. ఆయన 1870 ప్రాంతమున పీటరు చక్రవర్తి కాలమును గూర్చి నవల వ్రాయ సంకల్పించి, గ్రంథములెన్నియో చదివి, ఆరంభములు పెక్కింటిని వ్రాసెను. 1873లో దానిని విడిచి అన్నా కరేనినాను మొదలుపెట్టెను. ఇంతకంటె గొప్ప సాక్ష్యమేమి కావలెనని రెండు దినములు సంతోషించితిమి. మూడవనాడు తక్కిన కథ జ్ఞప్తికి వచ్చినది. అన్నా కరేనినా ముగియుటకు 1877 వరకు పట్టినది. నడుమ దానిమీదను ఆయనకు విసుగు పుట్టినది, ఐనను విడువలేదు. కనుక ఆయన పీటరును విడుచుట విసుగువలన కాదు. ఆ కాలపు మనుష్యులు ఆయన మనస్సులో ప్రాణము పోసికొనలేదు. ఈ భేదమును గుర్తింపక చాలమంది, మేమును ఆ చాలమందిలోని వారమే, విసుగునే ప్రేరణ యని భ్రమింతుము.

మన గురజాడ అప్పారావుగారి త్రోవ వేరు. 1897లో అచ్చయిన కన్యాశుల్కమును విడువక తిరిగి చేపట్టి, ఇంచుమించు కొత్త నాటకమే యనదగినట్లు మార్చి 1909లో ప్రకటించిరి. కొండుభట్టీయము, బిల్హణీయము మాత్రము అసంపూర్ణములుగనే మిగిలినవి. 1915లో ఆయన గతించిరి. ఆ రెండును పూర్తియైన నెట్లుండెడివో మనము ఊహించుకొనవలసినదే. నన్నయగారు అరణ్యపర్వము నడుమ నిలిపిన భారతమునకు ఎఱ్ఱన దొరకెను, అదియు ఇంచుమించు మూడువందల యేండ్లకు. నవలాకారునికి ఎఱ్ఱన దొరకడు. వాని సగము కథ పెట్టెలో చెదలకు దక్కును.

ఎటూ తోచక రాజోలికి పోతిమి. మా నవలకు కావలసిన సంగతులు పెక్కు చెప్పిన యొక ముసలి యవ్వ యక్కడ కలదు. కన్ను మసకబారినను, బట్టను వ్రేళ్లతో తడిమి నేతలోని లోపము చెప్పగలదు. మమ్ము చూచినంతనే "ఆ కత యాడికొచ్చె నాయనా?" అని యడిగినది. సిగ్గుపడి, పెద్దకొడుకు అప్పుల బాధకు ఊరు విడుచుటయొద్ద ఆగినదని చెప్పితిమి. అవ్వ నవ్వినది.

"అప్పు లేనోడెవడు? అప్పున్నోడు ఊర్లోనే ఉంటాడు, సావుకారి పోనీడు. సిగ్గయినోడు పోతాడు."

నాలుగు నెలలు మేము వెదకినది ఆ మూడు ముక్కలలో నున్నది. వాడు నేసిన చీరలో నూలును పట్టును కలియుచోట అతుకు కనబడినది; సావుకారు నలుగురిలో దానిని వాని మొగముమీదికి విసిరివైచినాడు. వాడు పోక యేమి చేయును? పాత కథ నిలిచినది దానిలో జీవము లేక కాదు, మా యెరుక చాలక.

కొత్త కథ మాట కూడ ఎత్తితిమి. "అవ్వా, వరద వచ్చిన రాత్రి మీ యింట ఏమి జరిగినది?" అంటిమి. అవ్వ చాలసేపు పలుకలేదు. పిమ్మట, "ఆ మాట ఇప్పుడొద్దు నాయనా" అని లోపలికి పోయినది.

తిరిగి వచ్చుచు ఆలోచించితిమి. మా వరద నవలలో గుంట యున్నది, నీరున్నది, చీకటి యున్నది. మనిషి లేడు. టాల్‌స్టాయి పీటరును విడుచుటకేది కారణమో, ఆ లోపము మా పాత నవలలో కాక కొత్తదానిలోనే యున్నది. పాతదానిలోని మనుష్యులు మాకు మాట తప్పినవారు కారు. వారు చచ్చిన బొమ్మలై యుండినచో పదునొకండు ప్రకరణములను, రెండేండ్ల శ్రమను చూచి వెనుదీయక విడిచియే యుందుము. పట్టిన పనిని విడువరాదను నీతి గొప్పదే కాని, దానివలన మంచి నవల పుట్టదు.

కొత్త కథను రెండు కాగితములమీద వ్రాసి, ఆ మొదటి వాక్యముతో సహా కవరులో నుంచి బీరువాలో పెట్టితిమి. ఈలోపల మరియొకరు ఆ వరదను నవలగా వ్రాయవచ్చును. ఆ భయము మాకు లేదని చెప్పజాలము. వారు ఆ గుంట ప్రక్కన నిలువబడి చూచినవారైన యెడల, మాకంటె వారికే హక్కు కలదు.

పండ్రెండవ ప్రకరణము ముగిసినది. పెద్దకొడుకు రాయచూరులో షోలాపురము రైలెక్కినాడు. పదుమూడవదానిలో తల్లి ఆ తిరిగివచ్చిన చీరను మడత విప్పి, అంచు వెంబడి వ్రేలితో తడుముచున్నది.