సాయంత్రానికి వాలే రెప్ప

యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది కండరం. 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఫాస్ఫోక్రియాటిన్‌ను వెలికితీశారు. కండరం తన బలాన్ని ఎలా దాచుకుంటుందో దానితో తెలిసింది. నేను ఇవాళ చెప్పబోయే జబ్బులో ఆ బలం ఉంటుంది, కదలమని నరం పంపే కబురే సరిగా అందదు. దాని పేరు మయస్థీనియా గ్రేవిస్.

కోరుట్లలోనో నిర్మల్‌లోనో బీడీలు చేసే ఒక అమ్మను ఊహించుకోండి. పొద్దున చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే చూపు బాగానే ఉంటుంది. పొద్దుగూకేసరికి ఒక రెప్ప సగానికి జారుతుంది. బీడీకి కట్టే దారం రెండుగా కనిపిస్తుంది, ఒక కన్ను మూస్తే మళ్లీ ఒక్కటవుతుంది. తెల్లారి లేస్తే అంతా మామూలే. ఇంట్లోవాళ్లు నిద్ర చాలలేదంటారు.

ఇలా వాడేకొద్దీ అలసిపోయే తీరును 1672లోనే ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ రాసిపెట్టాడు. ఎక్కువసేపు మాట్లాడితే మాట పడిపోయే ఒక స్త్రీ గురించి చెప్పాడు. 1934లో లండన్ గ్రీనిచ్‌లోని సెయింట్ ఆల్ఫీజ్ ఆసుపత్రి వైద్యురాలు మేరీ వాకర్, ఇది కండరాలను కదలనివ్వని క్యురారే విషం ఎక్కినట్టే ఉందని గమనించి, దాని విరుగుడు ఫైసోస్టిగ్మిన్‌ను ఇచ్చి చూశారు. వాలిన రెప్ప లేచింది. నేటి పిరిడోస్టిగ్మిన్ మాత్ర ఆ దారిలో వచ్చిందే.

అసలు కారణం పట్టించింది పాము విషం. కట్లపాము కాటు పడితే ముందు రెప్పలు వాలతాయని మన రైతులకు తెలుసు. తైవాన్‌లో ఆ జాతి పాము విషం నుంచే 1963లో చాంగ్, లీ అనే శాస్త్రవేత్తలు బంగారోటాక్సిన్‌ను వేరుచేశారు. కండరం మీద కబురు అందుకునే గ్రాహకాలను అది గట్టిగా పట్టుకుంటుంది. దాని సాయంతోనే 1973లో ఫామ్‌బ్రో, డ్రాక్‌మన్, సత్యమూర్తి రోగుల కండరాల్లో ఆ గ్రాహకాలు బాగా తగ్గిపోయాయని చూపారు. అదే ఏడు పాట్రిక్, లిండ్‌స్ట్రమ్ ఎలక్ట్రిక్ ఈల్ చేప గ్రాహకాన్ని కుందేళ్లకు ఎక్కిస్తే, వాటికీ ఈ జబ్బు లక్షణాలే వచ్చాయి. ఒంటిని కాచే యాంటీబాడీలే ఒంటి మీద తిరగబడుతున్నాయన్నమాట.

మరి కన్నే ముందెందుకు? కనుగుడ్డు కండరాలకు క్షణం తీరిక ఉండదు, గ్రాహకాలు కాస్త తగ్గినా తట్టుకోలేవు. పైగా ఏ కొంచెం తేడా వచ్చినా చూపు రెండుగా చీలి వెంటనే తెలిసిపోతుంది.

కంటితో మొదలైనవాళ్లలో సుమారు సగం మందికి, ఇంకా ఎక్కువ మందికే కావచ్చు, జబ్బు ఒళ్లంతా పాకుతుంది. అదీ చాలామందికి మొదటి రెండేళ్లలోనే. ఆ గడువు దాటినా కంటి దగ్గరే ఆగితే, చాలావరకు అక్కడే ఉండిపోతుంది. అందుకే ఆ రెండేళ్లు కాపలా కాయాలి. జొన్నరొట్టె నములుతుంటే సగంలో దవడ అలసిపోవడం, తాగిన నీళ్లు ముక్కులోంచి రావడం, మాట నంగిగా మారడం, జుట్టు దువ్వుకోవడానికి చెయ్యి లేవకపోవడం, మెడ నిలవకపోవడం జబ్బు పాకే అడుగులు. ఊపిరి అందకపోతే గంట కూడా ఆగకూడదు.

గుర్తుపట్టడం పెద్ద ఖర్చు కాదు. గ్లౌజులో ఐసు ముక్కలు వేసి మూసిన రెప్ప మీద రెండు నిమిషాలు ఉంచితే, ఈ జబ్బున్న రెప్ప తరచుగా కాస్త లేస్తుంది. తర్వాత యాంటీబాడీల రక్తపరీక్ష, ఛాతీలోని థైమస్ గ్రంథిలో గడ్డ ఉందేమో చూసే సీటీ స్కాన్ చేయించాలి. ఈ జబ్బున్నవాళ్లు జ్వరమొచ్చి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా ముందు జబ్బు పేరు చెప్పాలి. జెంటామైసిన్ ఇంజెక్షన్, సిప్రోఫ్లోక్సాసిన్ మాత్ర లాంటివి దీన్ని ముదరబెట్టగలవు.

1996లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఆనాటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో గ్రామీణ కేంద్రం తెరిచింది. రెప్ప వాలిన మనిషి ముందు వెళ్లేది అలాంటి గడప దగ్గరికే. అక్కడ కూర్చునే మా తోటివారికి నా విన్నపం ఒక్కటే. కన్ను చూశాక టార్చిలైటు పక్కన పెట్టి, ఆ అమ్మను ఇంకో మాట అడగండి: “అమ్మా, అన్నం మింగుడు పడుతుందా?” రెండేళ్లపాటు, వచ్చిన ప్రతిసారీ అడగండి.