తూటా గొట్టం: ఇత్తడి మంచీ చెడ్డా



పక్క హాల్లో అష్టావధానం జరుగుతోంది. దాన్ని వదులుకుని తూటాల మీద ప్రసంగం వినడానికి ఇంతమంది వస్తారని నేనూ, నిర్వాహకులూ కూడా అనుకోలేదు. టెక్సాస్ వాళ్ళు చేతులెత్తండి అంటే సగం హాలు ఎత్తేలా ఉంది.

నన్ను ఎందుకు పిలిచారో ముందు చెబుతాను. నేనుండేది ఒమాన్‌లో, మస్కట్‌కూ సోహార్‌కూ మధ్య బాతినా తీరంలో ఉన్న ఖబూరాలో. నా వృత్తి లోహపరీక్ష. పైపులు, వాల్వులు ఎందుకు పగిలాయో చూసి చెప్పే పని. ఇక్కడ మా బావగారికి రైఫిల్ షూటింగ్ సరదా. వచ్చినప్పుడల్లా గ్యారేజీలో కూర్చోబెట్టి, పేల్చేసిన ఇత్తడి గొట్టాలు నా ముందు కుప్పపోసి, "ఇందులో ఏది మంచిది బావా?" అని అడుగుతుంటారు. ఆ కుప్ప ముందు చెప్పిన మాటలే ఇవాళ మీకూ చెబుతున్నాను. మందు ఎంత పొయ్యాలి, ఎలా పొయ్యాలి అనేవి నా పరిధి కాదు. వాటికి అచ్చయిన పట్టికలున్నాయి, వాటిని దాటకండి. నేను మాట్లాడేది ఇత్తడి గురించి మాత్రమే.

తెలియనివారి కోసం ఒక్క మాట. తూటాలో ఉండేవి నాలుగు: ముందు గుండు, లోపల మందు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. పేలాక మూడు పోతాయి, గొట్టం మిగులుతుంది. నాలుగింటిలో ఖరీదైనది సాధారణంగా అదే. దాన్ని శుభ్రం చేసి, మళ్ళీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, మందు, గుండు అమర్చుకోవడాన్నే రీలోడింగ్ అంటారు. పెరుగు డబ్బా కూడా పారెయ్యని జాతి మనది, ఈ సరదా మనవాళ్ళకు నచ్చడంలో వింత లేదు. కానీ ఎప్పుడు దాచుకోవాలో, ఎప్పుడు పారెయ్యాలో తెలియకపోతే ప్రమాదం వచ్చేదీ ఇక్కడే.

ప్రమాదం ఎంతటిదో చూడండి. 'త్రీ నాట్ ఎయిట్' వించెస్టర్ తూటాకు అమెరికా పరిశ్రమ ఒప్పుకున్న గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌన్లు. మీ కారు టైర్లో ఉండేది 30, 35. ఆ పీడనం మీ చెంపకు కొద్ది అంగుళాల దూరంలో పుడుతుంది. రైఫిల్ బోల్టు ఉక్కే, చాంబరూ ఉక్కే. కానీ ఆ రెండింటి మధ్య సందును మూసేది ఈ పల్చటి ఇత్తడి గోడ. పేలిన క్షణంలో అది ఉబ్బి చాంబర్ గోడకు అతుక్కోవాలి, పొగ వెనక్కి రాకుండా అడ్డుకోవాలి. ఆ వెంటనే కొంచెం వెనక్కి ముడుచుకోవాలి, లేకపోతే బయటికి రాదు. తూటాలో సాగి, మళ్ళీ వెనక్కి రావలసిన భాగం ఇదొక్కటే.

అందుకే దీనికి ఇత్తడిని ఎంచుకున్నారు. 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగం. ఈ పాళ్ళలో ఉన్న ఇత్తడికి కార్ట్రిడ్జ్ బ్రాస్ అనే పేరే స్థిరపడింది. గుండ్రటి బిళ్ళను గిన్నెలా వంచి, ఆ గిన్నెను దశలవారీగా లాగి లాగి గొట్టం చేస్తారు. లాగిన కొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది, మధ్యమధ్య కాచి మెత్తబరచకపోతే చీలుతుంది. ఈ సంగతి జనగామ దగ్గర పెంబర్తి పనివారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. రేకును సుత్తితో కొట్టేకొద్దీ బిరుసెక్కుతుందనీ, నిప్పు చూపిస్తే మళ్ళీ లొంగుతుందనీ వాళ్ళ చేతులకే తెలుసు. తూటా గొట్టంలో ఉన్న నేర్పు ఏమిటంటే, ఒకే ముక్కలో అడుగు గట్టిగానూ, మెడ మెత్తగానూ ఉండాలి. అడుగు మెత్తబడితే ప్రైమర్ గుంట వదులవుతుంది. మెడ గట్టిపడితే గుండును సమంగా పట్టదు, చివరికి చీలుతుంది. అందుకే చివర్లో మెడను మాత్రం కాచుతారు. కొత్త గొట్టం మెడమీద నీలి చారలాంటి మరక కనిపిస్తే అది పాతదని అనుకోకండి. అది ఆ కాపు గుర్తు. సైనిక తూటాలమీద దాన్ని అలాగే ఉంచుతారు. కొందరు తయారీదారులు కొనేవాడి కంటికి ఇంపుగా ఉండాలని మెరుగుపెట్టి తుడిచేస్తారు. మెరుపు చూసి ఇత్తడి కొనవద్దని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

లోహం నాణ్యత గురించిన తగాదా కొత్తది కాదు. మా ఖబూరా వెనకాల హవాసినా వాది, ఆ పైన హజర్ కొండలు. ఆ కొండల వరసలో రాగి ఉంది. సుమేరియన్లు మగన్ అని పిలిచిన రాగిదేశం ఒమానేనని పండితుల అభిప్రాయం. సోహార్ వెనక లసైల్ దగ్గర పాతకాలపు చిట్టెం గుట్టలు ఉండేవి. 1980లలో అక్కడే మళ్ళీ గనులు నడిపారు. మగన్ రాగి దిల్మున్ మీదుగా, అంటే నేటి బహ్రెయిన్ మీదుగా, ఊర్ నగరానికి చేరేది. క్రీస్తుపూర్వం 1750 ప్రాంతంలో అక్కడ ఈయా-నాసిర్ అనే వ్యాపారి దిల్మున్‌తో రాగి వ్యాపారం చేసేవాడు. మంచి కడ్డీలిస్తానని నాసిరకం అంటగట్టావంటూ నన్ని అనే ఖాతాదారు మట్టిపలకమీద రాయించి పంపిన ఫిర్యాదు ఈనాటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఇకమీదట నా పెరట్లో నేనే చూసి ఏరుకుంటానని అందులో తెగేసి చెప్పాడు. నాకు తెలిసి లోహపరీక్ష గురించి అంత సూటిగా చెప్పినవాడు మరొకడు లేడు.

ఒమాన్‌లో పెళ్ళిళ్ళలో, పండుగల్లో పెద్దలు నడుముకు ఖంజర్, చేతిలో పాత మార్టినీ-హెన్రీ రైఫిల్‌తో రావడం చూస్తుంటాం. 19వ శతాబ్దం చివర్లో మస్కట్ రేవు ఆయుధ వ్యాపారానికి పెద్ద అంగడి. 1912లో ఆయుధాల గిడ్డంగి పెట్టి కట్టడి చేసేదాకా అక్కడి నుంచి రైఫిళ్ళు మక్రాన్ తీరానికీ, అఫ్గాన్ సరిహద్దుకూ పోయేవి. బ్రిటిష్ సైన్యం ఈ మార్టినీని 1871లో తీసుకున్నప్పుడు దాని గొట్టం నిండు ఇత్తడిది కాదు. పల్చటి ఇత్తడి రేకును చాపలా చుట్టి చేసినది. 1885 జనవరిలో సూడాన్‌లో అబూ క్లియా పోరులో వేడెక్కిన తుపాకుల్లో ఆ రేకు గొట్టాలు ఇరుక్కుపోయి సైనికులు ఇబ్బంది పడ్డారు. రైఫిల్ మంచిదే, గొట్టం చాలలేదు. తరవాత లాగి చేసిన నిండు ఇత్తడి గొట్టాలు వచ్చాయి.

నిండు ఇత్తడికీ ఒక జబ్బుంది, అది బయటపడింది మన దేశంలోనే. బ్రిటిష్ వాళ్ళు తూటాలను గుర్రపుశాలల్లో నిలవచేసేవారు. వానాకాలం వెళ్ళేసరికి, ఒక్కసారి కూడా పేల్చని గొట్టాలమీద పగుళ్ళు కనిపించేవి. అదేదో ఋతువు ప్రభావమనుకుని సీజన్ క్రాకింగ్ అన్నారు. అసలు కారణాన్ని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, గొట్టం చేసేటప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిస్తే ఇత్తడి పగులుతుంది. తయారీలో సరిగా కాచి ఆ బిగువు తీసేస్తే బాధ తగ్గుతుంది.

ఇది చరిత్ర పాఠం కాదు, మీ గ్యారేజీ సంగతి. అమోనియా కలిసిన ఇత్తడి పాలిష్‌తో గొట్టాలు తోమకండి. ఇంట్లో దీపపు కుందులకు వాడే సీసా తెచ్చి వీటికి వాడేవాళ్ళున్నారు. అమోనియా ఉన్న బ్యారెల్ మందులు కూడా వీటికి తగలనివ్వకండి. మన అమ్మమ్మలు బిందెలకు వాడిన చింతపండు సూత్రమే ఇక్కడ నయం. పల్చటి సిట్రిక్ ఆసిడ్ నీళ్ళు చాలు, బాగా కడిగి ఆరబెట్టండి. అదీ ఎక్కువసేపు నానబెడితే పైనున్న తుత్తునాగం కరిగిపోయి గొట్టం గులాబిరంగుకు తిరుగుతుంది. ఆ రంగు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టండి.

ఇక ఎంపిక. నా సలహా ఒక్కటే: ఒకే తయారీ, ఒకే లాటు కొనండి, విడదీయకండి. ఫిన్లాండ్ లాపువా, స్వీడన్ నోర్మా గొట్టాలకు పేరు రావడానికి కారణం అన్నీ ఒకేలా ఉండటమే. ఒక్కోటి డాలరు పైన పడుతుంది. అమెరికాలో పీటర్సన్, స్టార్‌లైన్ కూడా మంచివి చేస్తున్నారు. వించెస్టర్, హోర్నడీ చౌక. వేటకు, మామూలు సాధనకు అవి చాలు, కాకపోతే ఏరుకోవాలి. వంద కొని వందకూ లాపువా ధర పెట్టి, ఏడాదికి నలభై పేల్చేవాళ్ళను చూశాను. అది నగల సరదా, తుపాకీ సరదా కాదు.

ఏరుకోవడం అంటే ఏమిటో చెబుతాను. మెడ గోడ మందం చుట్టూ ఒకేలా ఉందా అని చూడాలి. గుండ్రటి మొన ఉన్న మైక్రోమీటరుతో కొలిస్తే అంగుళంలో వెయ్యింట రెండు వంతుల లోపు తేడా ఉన్నవి మంచివి. తరవాత తూచాలి. ఇక్కడి కొలత గ్రెయిన్, అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు, గురివింద గింజలో సుమారు సగం. బయటి కొలతలు ఒకటే అయినప్పుడు బరువెక్కువ గొట్టంలో గోడ మందం, లోపల జాగా తక్కువ. త్రీ నాట్ ఎయిట్‌లో సైనిక గొట్టానికీ మామూలు గొట్టానికీ ఇరవై గ్రెయిన్ల దాకా తేడా రావచ్చు. జాగా తగ్గితే అదే మందుకు పీడనం పెరుగుతుంది. అడుగున ఎల్‌సీ అనే అక్షరాలు, వలయంలో శిలువ గుర్తు ఉన్నవి మిస్సోరీలోని లేక్ సిటీ సైనిక కర్మాగారానివి. ఇత్తడి గట్టిదే, కానీ మరో తయారీ గొట్టానికి సరిపడిన మందును దీనిలో యథాతథంగా పొయ్యకూడదు. తక్కువ నుంచి మొదలుపెట్టి రావాలి. సైనిక గొట్టాల్లో ప్రైమర్ చుట్టూ నొక్కిన అంచు కూడా ఉంటుంది, దాన్ని తీస్తేనే కొత్త ప్రైమర్ సాఫీగా దిగుతుంది.

లోపలికి టార్చి వేసి చూడండి. నడిమధ్య ఒకే రంధ్రముంటే బాక్సర్ రకం, అది పనికొస్తుంది. పక్కపక్కన రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్ రకం, మామూలు సాధనంతో ప్రైమర్ ఊడదు. తమాషా ఏమిటంటే బాక్సర్ ఆంగ్లేయుడు, ఆయన పద్ధతి అమెరికాలో స్థిరపడింది. బెర్డాన్ అమెరికావాడు, ఆయనది యూరపులో నిలిచింది. ఇద్దరూ మనలాగే వలసపోయారు. అన్నట్టు, అయస్కాంతం కూడా జేబులో పెట్టుకోండి. ఇత్తడి పూత పూసిన ఉక్కు గొట్టం దానికి అంటుకుంటుంది.

వాడిన ఇత్తడి కొనేవాళ్ళు జాగ్రత్త. "ఒక్కసారే పేల్చినది" అని అమ్మేవాడి మాటకు సాక్ష్యం లేదు. నాకైతే మీ రైఫిల్లో మీరు పేల్చినదే నిజంగా ఒక్కసారి పేల్చినది. అడుగు నుంచి కొంచెం పైన, గోడ పల్చబడే చోట, ఒళ్ళు చుట్టూ తెల్లగా మెరిసే వలయం కనిపిస్తే ఆగండి. పేపరు క్లిప్పు చివర చిన్న కొక్కెంలా వంచి లోపలి గోడమీద అడుగు నుంచి పైకి గీయండి. గాడిలో తట్టుకున్నట్టు అనిపిస్తే అక్కడ లోహం సాగి పల్చబడింది. ఈసారో, పైసారో అక్కడే రెండు ముక్కలవుతుంది. కొలతకు తెచ్చేటప్పుడు భుజాన్ని అవసరానికి మించి వెనక్కి నెట్టడమే దీనికి ఎక్కువసార్లు కారణం. బోల్టు రైఫిల్‌కు వెయ్యింట రెండు వంతులు నెడితే సాధారణంగా చాలు. పాత త్రీ నాట్ త్రీలలో చాంబర్లు వదులుగా ఉంటాయి, వాటిలో ఈ వలయం త్వరగా వస్తుంది.

మెడ చీలిక కోసం చెవిని కూడా వాడండి. నాలుగు గొట్టాలు గుప్పిట్లో వేసి ఊపండి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టే, పగిలినది ఒకటున్నా మోత బొంగురుగా వస్తుంది. మా బావగారు ముందు నవ్వారు. ఇప్పుడు ఆయనే ముందు ఊపి, తరవాత కళ్ళజోడు పెట్టుకుంటున్నారు.

ప్రైమర్ చేతివేలి ఒత్తిడికే దిగిపోతే ఆ గుంట పని అయిపోయినట్టే. ఎన్నిసార్లు పేల్చారో డబ్బామీద రాసి పెట్టుకోండి. గొట్టం ఐదుసార్లు నిలుస్తుందా, ఇరవైసార్లు నిలుస్తుందా అన్నది మందు తీవ్రతనూ, చాంబర్‌నూ, మెడను మళ్ళీ కాచారా లేదా అన్నదాన్నీ బట్టి ఉంటుంది. ఒక అంకె చెప్పమని అడగకండి. కాచేటప్పుడు మెడనూ భుజాన్నీ మాత్రమే కాచండి. మొత్తం గొట్టాన్ని ఎర్రగా కాల్చితే అడుగు మెత్తబడుతుంది, దాన్ని ఏ పద్ధతిలోనూ బాగుచెయ్యలేరు.

పనికిరానివాటిని ప్లయర్లతో నొక్కి చప్పటగా చేసి వెయ్యండి. అలాగే ఉంచితే మరో ఆదివారం అవి మళ్ళీ మంచివాటిలో కలుస్తాయి. పాత ఇత్తడికి సామాన్ల కొట్లో ధర ఉంది.

చివరగా ఒక అభ్యర్థన. ఖాళీ గొట్టమే కదా, పిల్లలకు చూపిద్దామని సూట్‌కేసులో వేసుకుని హైదరాబాదుకో, మస్కట్‌కో విమానం ఎక్కకండి. స్కానర్ ముందు ఖాళీదా నిండుదా అని వాదించే అవకాశం మీకు ఉండదు, మన దేశంలో తూటా భాగాలకూ ఆయుధాల చట్టం వర్తిస్తుంది. ప్రయాణానికి ముందు షూటింగ్ సంచిని దులిపి, జిప్పు మడతల్లో వేలు పెట్టి మరీ చూసుకోండి.

నేను తెచ్చిన నమూనాలు ఆ బల్లమీద ఉన్నాయి, అన్నీ ఖాళీవి, ఇక్కడివే, సాయంత్రం మా బావగారి గ్యారేజీకి తిరిగి వెళ్ళిపోతాయి. ఎడమ డబ్బాలోవి మంచివి, కుడి డబ్బాలోవి చెడ్డవి. రెండు డబ్బాల మధ్య ఒక గుప్పెడున్నాయి, అవి ఎటు వెయ్యాలో మీరే చూసి చెప్పండి. పేపరు క్లిప్పులు కూడా పెట్టాను.