చౌక సర్కారు ఎవరి ఖర్చుతో నడిచింది?

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆయన రెవెన్యూ శాఖ మనిషి. పొగడ్తకంటే లెక్కను నమ్మేవారు కనుక నేరుగా లెక్కలోకే వస్తాను. ప్రభుత్వోద్యోగుల జీతాలపై ఫిర్యాదు కొత్తది కాదు. 1930లో గాంధీజీ లేఖ వైస్రాయి నెలజీతం 21,000 రూపాయలని ఎత్తిచూపింది. మరుసటేడు కరాచీ కాంగ్రెసు అధికారుల జీతానికి 500 రూపాయల హద్దు కోరింది. 1914–1928 మధ్య బ్రిటిష్ నౌకాశాఖలో యుద్ధనౌకలు తగ్గినా కార్యాలయ ఉద్యోగులు పెరిగారని చరిత్రకారుడు పార్కిన్సన్ ఎగతాళి చేశాడు. ఇవన్నీ మీకు తెలిసినవే.

నా తగవు వేరే మాటతో. “పూర్వం ఊరికో కరణం, ఓ రెడ్డి ఉంటే పాలన సాగేది, ఇప్పుడు ఊరూరా సచివాలయం నిండా ఉద్యోగులే” అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు 15,004. వాటిలో లక్షకు పైగా కొత్త కొలువులు. ఆ సంఖ్యను నేను కాదనను. దాన్ని పోల్చే పాత సంఖ్యనే ఒప్పుకోను. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీకి చిక్కాక కలెక్టరు మన్రో 1807 దాకా రైతువారీ పద్ధతిని నిలబెట్టింది కరణాల లెక్కల ఆధారంతోనే. కరణం, రెడ్డి, తలారి, తోటి, నీరుగంటి వీళ్లందరికీ ప్రతిఫలం మాన్యం రూపంలోనూ, కళ్లం దగ్గర మేరగా కొలిచే ధాన్యం రూపంలోనూ అందేది. మాన్యం ఖర్చుగా కాక వసూలు కాని శిస్తుగా మిగిలిపోయింది. ధాన్యం రైతు గాదెలోంచి పోయింది. కింది కులాల వెట్టి ఏ పద్దులోకీ ఎక్కలేదు. 1858లో ఇనాం కమిషన్ వచ్చి మాన్యాలను తేల్చాక, 1864 మద్రాసు గ్రామ సెస్సు చట్టం ఆ ధాన్యం మేరల స్థానంలో సెస్సు తెచ్చింది. అప్పుడు కాగితమ్మీద పాలన ఖర్చు పెరిగింది. నిజానికి అందులో చాలా భాగం కళ్లం నుంచి ఖజానాకు మారిన పాత ఖర్చే.

మాన్యమూ మేరా కలిపినా నేటి జీతాల ముందు స్వల్పమే కదా అంటారు. కావచ్చు. కానీ కరణం శిస్తు లెక్క రాశాడే గాని టీకా వెయ్యలేదు, పింఛను పంచలేదు. పైగా ఆ కొలువు వంశపారంపర్యం. వారసులకు చూపే ఆ పక్షపాతం చెల్లదని 1960లో గాజుల దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం గ్రామాధికారుల పదవులు రద్దు చేయడమే ఈ జీతాల భారానికి మూలమనేవారూ ఉన్నారు. ఆ రద్దు సబబేనని 1985లో సుప్రీంకోర్టు అన్నది. ఆ ఏడే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, మడకశిర తాలూకాలోని మీ గుడిబండ మండలమైంది. పదవి తీసేస్తే పని పోదని తెలంగాణ మళ్లీ రుజువు చేసింది: 2020లో వీఆర్వోలను రద్దు చేసి, 2025లో గ్రామపాలనాధికారులను నియమించుకుంది. ఇక ఉద్యోగుల పింఛన్లంటారా, అవి ఏనాటివో నియామకాల బాకీ. ఆంధ్రప్రదేశ్‌లో పదవీ విరమణ వయసు 2014లో 60కి, 2022లో 62కి పెంచితే ఆ బాకీ వాయిదా పడుతుంది, తీరదు. ఒక్క ఏడాది బడ్జెట్ చూసి ఉద్యోగవర్గం సైజు చెప్పలేం.

లెక్కకెక్కని శ్రమ కరణాలతో పోలేదు. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, మొన్నటిదాకా నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంపై తిరిగిన వాలంటీర్లు సర్కారు పనే చేశారు, సర్కారు ఉద్యోగులు మాత్రం కారు. అందుకే మడకశిర ప్రాంతపు ఊళ్లకు, పక్కనే శానుభోగులు లెక్క రాసిన మైసూరు వైపు ఊళ్లకు కలిపి నేనొక పట్టిక కడుతున్నాను. ఖజానా ఇచ్చినదానికి ఒక వరస, ఊరు ఇచ్చినదానికి ఒకటి, ఎవరూ ఇవ్వనిదానికి ఇంకొకటి. మీ అటకల మీది అడంగళ్లు, ఇనాం పత్రాలు, కన్నడంలో ఉన్నవైనా సరే, నకలు తీసుకోనివ్వండి. ఆ మూడో వరస నింపకుండా సర్కారు లావెక్కిందని తీర్పు చెప్పే హక్కు ఆర్థిక శాఖకూ లేదు, నాకూ లేదు.