వేగానికి ముందు బ్రేకు
(ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

విద్యార్థులారా, మామూలు బండిని రేసుబండిగా మార్చాలన్న కోరిక చెన్నైలో కొత్తది కాదు. షోళవరం పాత విమానాల రన్‌వే మీద పందేలు జరిగిన రోజుల నుంచీ ఉన్నదే.

ఆర్‌ఎక్స్ 100 బోరు 50, స్ట్రోకు 50 మి.మీ.; లెక్కగడితే 98 సి.సి. బోరు 1 మి.మీ. పెంచితే 102. లాభం నాలుగే! టూ స్ట్రోకు ఇంజనులో అసలు బలమంతా పోర్టులు, సైలెన్సరు ఆకారంలో ఉంది. అది డబ్బుతో రాదు, చదువుతో వస్తుంది.

వేగం రెట్టింపైతే బ్రేకు ఆపవలసిన శక్తి నాలుగింతలు. కనుక ముందు బ్రేకు, టైర్లు, ఫ్రేము, తరువాతే ఇంజను. కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తోంది. పందెపు బండికి చోటు రోడ్డు కాదు, ఇరుంగాట్టుకోట్టై ట్రాకు.

నాయనలారా, ఇంజను పాడైతే మార్చుకోవచ్చు. ఇంటికి మీరు ఒక్కరే. సెలవు.